ఎసెండన్‌కి రోగం ఎక్కడుంది? ఇరవై ఏళ్లుగా తెగని ఓ ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ గొడవ

2004 సెప్టెంబరులో ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ లీగ్ (ఏఎఫ్‌ఎల్)లో ఎసెండన్ జట్టు మెల్‌బోర్న్ జట్టు మీద ఎలిమినేషన్ ఫైనల్ అనే నాకౌట్ మ్యాచ్‌ని 5 పాయింట్ల తేడాతో గెలిచింది. అప్పుడెవరూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు, తర్వాతి వారమే జీలాంగ్ చేతిలో ఓడి సీజన్ ముగించేశారు కాబట్టి. విచిత్రం ఏంటంటే 2025 సీజన్ పూర్తయ్యేదాకా ఆ క్లబ్ ఫైనల్స్‌లో గెలిచిన ఆఖరి మ్యాచ్ అదే. ఆ రోజు పుట్టిన పిల్లాడికి ఓటు హక్కు వచ్చి మూడేళ్లు దాటింది.

ఇదేదో మారుమూల చిన్న క్లబ్ కథ అయితే ఇంత గొడవ ఉండేది కాదు. ఎసెండన్‌కి 16 టైటిళ్లున్నాయి, ఆ లెక్కలో కార్ల్‌టన్, కాలింగ్‌వుడ్‌లతో సమానంగా లీగ్ చరిత్రలోనే మొదటి స్థానం. ఏటా ఏప్రిల్ 25న ఆంజాక్ డే నాడు కాలింగ్‌వుడ్‌తో ఆడే మ్యాచ్‌కి మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ (ఎంసీజీ) నిండిపోతుంది, 1995లో మొదలైనప్పటి నుంచీ దాదాపు అదే వరస. సభ్యుల సంఖ్య 80 వేలు దాటింది. డబ్బుంది, జనముంది, చరిత్రుంది, గెలుపు లేదు. మరి తప్పెక్కడుంది అని అభిమానులు రోజూ కొట్టుకుంటుంటారు. ఆ గొడవలో సగం "కల్చర్ బాలేదు" అనే ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. ఆ మాట అన్న పదిమందిని అడిగితే పది రకాల కారణాలు చెప్తారు. వాటినే ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం.

ముందు ఆట గురించి తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఏఎఫ్‌ఎల్ అంటే ఆస్ట్రేలియా వాళ్ల సొంత ఫుట్‌బాల్ లీగ్. క్రికెట్ గ్రౌండ్ లాంటి గుండ్రటి మైదానం, జట్టుకి 18 మంది, నడుమ స్తంభాల మధ్య నుంచి తన్నితే గోల్, అంటే 6 పాయింట్లు, పక్క స్తంభాల్లోకి పోతే ఒక పాయింటు. 18 క్లబ్బులు 23 మ్యాచ్‌ల చొప్పున ఆడాక టేబుల్లో పైనున్న జట్లు (2025 దాకా మొదటి ఎనిమిది) నాకౌట్ దశకి వెళ్తాయి, దాన్నే వాళ్లు ఫైనల్స్ అంటారు. టైటిల్ కోసం ఆడే ఆఖరి మ్యాచ్ పేరు గ్రాండ్ ఫైనల్. ఇంకొకటి, ఎసెండన్ లాంటి క్లబ్బులకి మన ఐపీఎల్‌లా ఓనర్ ఉండడు. సభ్యులదే క్లబ్, బోర్డుని ఎన్నుకునేదీ వాళ్లే. అందుకే అభిమాని కోపం టీవీ ముందు తిట్టుకోవడంతో ఆగదు, బోర్డు రూమ్ దాకా వెళ్తుంది. ఇది బాగా గుర్తుపెట్టుకోవాల్సిన విషయం.

మెల్‌బోర్న్‌లో ఉండే తెలుగువాళ్లకి ఈ క్లబ్ పేరు తెలియకుండా ఉండదు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వచ్చి టల్లామరీన్ ఎయిర్‌పోర్టులో దిగుతామా, ఆ పక్కనే వీళ్ల ట్రైనింగ్ సెంటర్, దాని పేరే "హ్యాంగర్". క్లబ్‌కి బాంబర్స్ అనే ముద్దుపేరు కూడా ఎసెండన్ విమానాశ్రయం దగ్గర్లో ఉండటం వల్ల వచ్చిందే. క్రేగీబర్న్‌లో, టార్నీట్‌లో పిల్లలు ఆస్కిక్‌కి, అంటే చిన్నపిల్లల ఫుట్‌బాల్ శిక్షణకి, వెళ్లడం మొదలుపెట్టాక అమ్మానాన్నలు కూడా ఏదో ఒక జట్టుని పట్టుకోక తప్పదు. పాపం ఎసెండన్‌ని పట్టుకున్నవాళ్లకే ఈ తలనొప్పి.

సరే, 2004 తర్వాత ఏం జరిగింది? 2009, 2011, 2014, 2017, 2019, 2021. ఆరుసార్లు ఫైనల్స్‌కి చేరారు, ఆరుసార్లూ మొదటి మ్యాచ్‌కే ఇంటికొచ్చారు. అడిలైడ్ చేతిలో 96 పాయింట్ల తేడా, కార్ల్‌టన్ చేతిలో 62, సిడ్నీ చేతిలో 65, వెస్ట్ కోస్ట్ చేతిలో 55, వెస్టర్న్ బుల్‌డాగ్స్ చేతిలో 49. 2014లో నార్త్ మెల్‌బోర్న్‌తో ఒక్కటే 12 పాయింట్లతో పోయిన దగ్గరి మ్యాచ్. (ఆ నార్త్ జట్టు కోచ్ బ్రాడ్ స్కాట్. తర్వాత ఎసెండన్‌కి కోచ్‌గా వచ్చిందీ ఆయనే.)

గొడవలో అందరికన్నా గట్టిగా వినిపించే మొదటి వాదన, అంతా ఆ ఇంజెక్షన్ల వ్యవహారం వల్లే అని. 2012లో క్లబ్ ఆటగాళ్లకి స్టీఫెన్ డాంక్ అనే స్పోర్ట్స్ సైంటిస్టు చేతుల మీదుగా సప్లిమెంట్ల కార్యక్రమం ఒకటి నడిచింది, ఎవరికి ఏది ఎంత ఇచ్చారో సరైన రికార్డులు కూడా లేవు. 2013 ఫిబ్రవరిలో క్లబ్బే బయటపెట్టి దర్యాప్తు అడిగింది. అదే ఏడాది ఆగస్టులో లీగ్ వాళ్లని ఫైనల్స్ నుంచి తప్పించి, 20 లక్షల డాలర్ల జరిమానా వేసి, కోచ్ జేమ్స్ హర్డ్‌ని 12 నెలలు పక్కన పెట్టింది, కొత్త కుర్రాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ముందు వరస ఎంపికలు కూడా లాక్కుంది. 2015లో ఏఎఫ్‌ఎల్ ట్రైబ్యునల్ ఆటగాళ్ల తప్పు లేదంది. ఊపిరి పీల్చుకునేలోపే ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ అప్పీలుకి వెళ్లింది, 2016 జనవరిలో అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం 34 మందిని దోషులని తేల్చింది. 2016 సీజన్ మొత్తం వాళ్లంతా బయటే. కెప్టెన్ జోబ్ వాట్సన్ 2012లో గెలిచిన బ్రౌన్‌లో మెడల్, అంటే లీగ్ ఉత్తమ ఆటగాడి పతకం, కూడా పోయింది. ఆ ఏడాది బయటి నుంచి తాత్కాలికంగా తెచ్చుకున్న ఆటగాళ్లతో ఆడి మూడే మ్యాచ్‌లు గెలిచి అట్టడుగున నిలిచారు, 1933 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి.

ఇంత జరిగాక దాని ముద్ర ఉండదా అంటే ఉంటుంది, కాదనను. కానీ తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ వాదన పూర్తిగా నిలబడదు. ఇంజెక్షన్ల గొడవ మొదలయ్యే నాటికే ఫైనల్స్ గెలిచి ఎనిమిదేళ్లయింది. నిషేధం ముగిసిన మరుసటి ఏడాదే, 2017లో, తిరిగి ఫైనల్స్‌కి చేరారు. 2025లో కొత్తగా ఆడిన కుర్రాళ్లలో చాలామంది 2013లో ప్రైమరీ స్కూల్లో ఉన్నారు. వాళ్లు ఆఖరి క్వార్టర్లో టాకిల్ మిస్ అవ్వడానికి స్టీఫెన్ డాంక్ ఎలా కారణమవుతాడు?

నా లెక్కలో ఆ వ్యవహారం చేసిన అసలు నష్టం ఇంకోటి. అది క్లబ్‌కి తొందర నేర్పింది. మనల్ని దొంగల్లా చూశారు, ఎలాగైనా వెంటనే పైకి రావాలి, అందరి నోళ్లూ మూయించాలి అనే ఆత్రం. 2017లో ఏడో స్థానం రాగానే ఇక పైకొచ్చేశాం అనుకున్నారు. ఆ సీజన్ అయ్యాక డెవన్ స్మిత్, ఆడమ్ సాద్, జేక్ స్ట్రింగర్‌లని ఒకేసారి తెచ్చారు, మరుసటి ఏడాది రెండు మొదటి రౌండ్ ఎంపికలిచ్చి డిలన్ షీల్‌ని తెచ్చారు. ఒక్క ఏడాది పంట బాగా పండిందని అప్పు చేసి ఇంకో రెండెకరాలు కౌలుకి తీసుకున్న రైతు లెక్క. 2018లో 11వ స్థానం, 2019లో ఎనిమిదో స్థానంతో ఫైనల్స్‌కి వెళ్లి 55 పాయింట్ల ఓటమి, 2020లో 13వ స్థానం. ఆ ఏడాది చివర్లో సాద్ కార్ల్‌టన్‌కి వెళ్లిపోయాడు, ఫార్వర్డ్ లైన్‌కి ఆయువుపట్టులాంటి జో డానిహర్ బ్రిస్బేన్‌కి వెళ్లిపోయాడు. 2024లో బ్రిస్బేన్ టైటిల్ గెలిస్తే ఆ జట్టులో డానిహర్ ఉన్నాడు, పతకం మెడలో వేసుకునే రిటైరయ్యాడు. ఎసెండన్ అభిమానుల ముందు ఆ ఫొటో పెట్టకండి, మంచిది కాదు.

ఇక్కడ రెండో వాదన మొదలవుతుంది, జట్టు కట్టడంలోనే తప్పుందని. ఇది అర్థం కావాలంటే డ్రాఫ్ట్ ఎలా పనిచేస్తుందో తెలియాలి. అట్టడుగున ఉన్న జట్టుకి దేశంలోని కుర్రాళ్లలో మొదటి ఎంపిక, పైనున్న జట్టుకి చివరి ఎంపిక. దీనికి తోడు జీతాల మీద సీలింగ్. అంటే ఓ జట్టు బాగా పడిపోతే కొన్నేళ్లలో లేచేలా లీగే ఏర్పాటు చేసింది. ఈ పద్ధతిలో ఇబ్బందంతా మధ్యలో ఇరుక్కున్నవాడికే. పదకొండో స్థానంలో నిలిస్తే ఫైనల్సూ లేవు, డ్రాఫ్ట్‌లో మేలిమి కుర్రాడూ దొరకడు. ఎసెండన్ 2018లో పదకొండు, 2023లో పదకొండు, 2024లోనూ పదకొండే. పూర్తిగా కిందపడింది 2016లో ఒక్కసారే, అదీ నిషేధం పుణ్యాన. అప్పుడొచ్చిన మొదటి ఎంపికతోనే ఆండ్రూ మెక్‌గ్రాత్‌ని తీసుకున్నారు. పక్కనున్న హాథార్న్ మాత్రం కొన్నేళ్లు నోరు మూసుకుని ఓడి, కుర్రాళ్లని పెంచుకుని 2024లో ఫైనల్స్ గెలిచింది, 2025లో ప్రిలిమినరీ ఫైనల్ (గ్రాండ్ ఫైనల్‌కి ముందు మెట్టు) దాకా వెళ్లింది.

అలాగని ఎసెండన్ డ్రాఫ్ట్‌ని అసలు వాడుకోలేదని అనడం కూడా అన్యాయమే. డానిహర్, సాద్ వెళ్లిపోయినందుకు వచ్చిన ఎంపికలకి తమ సొంత ఎంపిక కలుపుకుని 2020లో వరుసగా 8, 9, 10 నంబర్లలో నిక్ కాక్స్, ఆర్చీ పెర్కిన్స్, జాక్ రీడ్‌లని తీసుకున్నారు. తొలి పదిలో ముగ్గురంటే మామూలు విషయం కాదు. కానీ కాక్స్‌ని, రీడ్‌ని గాయాలు నిలబడనివ్వలేదు. దీన్ని ఏ ఖాతాలో వేయాలి? దురదృష్టమా, మెడికల్ విభాగం లోపమా, ఎంచుకున్నవాళ్ల తప్పా? రెండు దశాబ్దాలకు పైగా జట్టు ఎంపిక వ్యవహారాలు చూసిన అడ్రియన్ డొడోరో మీద అభిమానులు వేసిన నిందల్లో సగం ఇలాంటివే, ఇటూ అటూ కూడా వాదించొచ్చు.

మూడో వాదన బోర్డు గురించి. కల్చర్ అనేది కంటికి కనిపించే చోటు ఏదైనా ఉంటే ఇదేనని నా అభిప్రాయం, అందుకే 2022 ఆగస్టు గురించి కాస్త వివరంగా చెప్పాలి.

బెన్ రట్టెన్ 2021లో హెడ్ కోచ్ అయ్యాడు. మొదటి ఏడాదే జట్టు ఎనిమిదో స్థానంలోకొచ్చింది, అందరూ భుజాలు తట్టారు. రెండో ఏడాది ఏడే గెలుపులు. ఇంకా సీజన్ నడుస్తుండగానే ప్రెసిడెంట్ పాల్ బ్రాషర్ దిగిపోయి డేవిడ్ బారమ్ వచ్చాడు. వచ్చీరాగానే కొత్త బోర్డు హాథార్న్‌కి నాలుగు టైటిళ్లు తెచ్చిపెట్టిన అలిస్టర్ క్లార్క్‌సన్ వెంట పడింది. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. రట్టెన్ ఇంకా కుర్చీలోనే ఉన్నాడు, రోజూ ట్రైనింగ్‌కి వస్తున్నాడు, ఆటగాళ్లతో మాట్లాడుతున్నాడు. వారం తిరిగేసరికి క్లార్క్‌సన్ నార్త్ మెల్‌బోర్న్‌కి సంతకం పెట్టేశాడు. అంటే అడిగినవాడూ రాలేదు, ఉన్నవాడి పరువూ పోయింది. రట్టెన్ ఆఖరి మ్యాచ్‌కి జట్టుని తీసుకెళ్లాడు, రిచ్‌మండ్ చేతిలో 66 పాయింట్లతో ఓడారు, ఆ మర్నాడే ఆయన్ని తీసేశారు. సీఈఓ కూడా వెళ్లిపోయాడు.

కథ అక్కడితో అయిపోలేదు. కొత్త కోచ్‌గా బ్రాడ్ స్కాట్ వచ్చాడు. 27 ఏళ్లు కోచ్‌గా ఉండి నాలుగు టైటిళ్లు తెచ్చిన కెవిన్ షీడీ అప్పటికి బోర్డు సభ్యుడు, తన ఓటు స్కాట్‌కి కాదు హర్డ్‌కే అని ఆయన బయటికే చెప్పేశాడు. ఆపైన అక్టోబరులో కొత్త సీఈఓగా ఆండ్రూ థోర్బర్న్ అనే మాజీ బ్యాంకు అధిపతిని ప్రకటించారు. ఆయన ఛైర్మన్‌గా ఉన్న చర్చిలో స్వలింగ సంపర్కుల గురించి, అబార్షన్ గురించి గతంలో చేసిన ప్రసంగాలు బయటికొచ్చాయి, ఒక్క రోజులో రాజీనామా. నియామకానికి ముందు ఇంటర్నెట్‌లో పది నిమిషాలు వెతికినా తెలిసే విషయం అది. ఆయన నమ్మకాలు ఆయనవి, ఆ చర్చ వేరే. క్లబ్ ఆ పది నిమిషాలు ఎందుకు వెచ్చించలేదన్నది నా ప్రశ్న.

ఇప్పుడు ఆ డ్రెస్సింగ్ రూమ్‌లో పంతొమ్మిదేళ్ల కుర్రాడు ఉన్నాడనుకుందాం. "ఒకరికొకరం నిలబడాలి, కష్టం వచ్చినా పద్ధతి తప్పకూడదు" అని గోడ మీద ఎంత పెద్ద అక్షరాలతో రాసినా వాడికి ఏం నేర్పినట్టు? పైవాళ్లు కష్టమొచ్చిన వారంలో ఎలా ఉన్నారో వాడు చూశాడు కదా. కల్చర్ గురించి మాట్లాడేవాళ్లు ఆటగాళ్ల ముఖకవళికలు చూసి, ఓడిపోయాక ప్రత్యర్థితో నవ్వుతూ మాట్లాడాడని తిడుతుంటారు. నేనైతే ఆ తిట్లని లెక్కలోకి తీసుకోను. కోచ్‌ని ఎలా పంపారు, ఎవరిని ఎంత తొందరగా తెచ్చారు, కాంట్రాక్టు ఉన్న మనిషి ఎందుకు వెళ్లిపోతానన్నాడు, ఇవి చూస్తాను.

నాలుగో వాదనకి వస్తే, ఆటగాళ్లు మెత్తటి రకం, పోరాడరు అని. దీనికి ఆధారంగా చూపించేది సీజన్ రెండో సగం. 2023లో ఇంకా ఫైనల్స్ ఆశ మిగిలుండగానే జీడబ్ల్యూఎస్ (గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ) జట్టు చేతిలో 126 పాయింట్లతో, అంటే 21 గోల్స్ తేడాతో ఓడారు, తర్వాతి వారం కాలింగ్‌వుడ్ చేతిలో 70. 2024లో ఎనిమిది గెలుపులు, రెండు ఓటములు, ఒక డ్రాతో టేబుల్లో రెండో స్థానానికి వెళ్లి, చివరికి 11 గెలుపులు, 11 ఓటములతో ఫైనల్స్ బయట. 2025లో మొదటి పది మ్యాచ్‌లలో ఆరు గెలిచి ఆ తర్వాత వరసగా పదమూడు ఓడారు. మూడేళ్లు అదే సినిమా చూస్తే ఎవరికైనా వీళ్లకి మనసు లేదనిపిస్తుంది.

అనిపించడం సహజమే గానీ 2024ని కొంచెం దగ్గరగా చూడండి. ఆ మంచి రోజుల్లో గెలిచిన మ్యాచ్‌ల తేడాలు: సెయింట్ కిల్డా మీద 4 పాయింట్లు, అడిలైడ్ మీద 3, వెస్ట్ కోస్ట్ మీద 6. అడిలైడ్ మ్యాచ్ చివరి క్షణాల్లో అంపైర్ విజిల్ వేయాల్సిందని ఇప్పటికీ అడిలైడ్ వాళ్లు మొత్తుకుంటారు. ఈ మూడూ అటు తిరిగుంటే అసలు రెండో స్థానమే ఉండేది కాదు, "కుప్పకూలారు" అనే మాటా వచ్చేది కాదు. వేసిన పాయింట్లని ఇచ్చిన పాయింట్లతో భాగించి లెక్కగట్టే పర్సంటేజీ అని ఒకటుంటుంది ఇక్కడ. సీజన్ చివరికి ఎసెండన్‌ది వందకంటే కిందే. వాళ్లు మొదటి నుంచీ మధ్యస్తం జట్టే, అదృష్టం కలిసొచ్చినన్నాళ్లు పైన కనిపించారు. ఇందులో మనసు, గుండె ప్రస్తావన అక్కర్లేదు.

2025 పదమూడు ఓటముల్లో కూడా సింహభాగం ఆస్పత్రి ఖాతాదే. మోకాలి లిగమెంటు (ఏసీఎల్) తెగినవాళ్లు కొందరు, తొడ కండరాలు పట్టేసినవాళ్లు వేరే, ఒకే సీజన్‌లో పదిమందికి పైగా కొత్త కుర్రాళ్లు మొదటి మ్యాచ్ ఆడారు. ఈ ఆటలో మిడ్‌ఫీల్డర్ ఒక్క మ్యాచ్‌లో 12, 13 కిలోమీటర్లు పరుగెడతాడు, మధ్యలో గుద్దుకుంటాడు, పడతాడు, లేస్తాడు. పంతొమ్మిదేళ్ల ఒంటికి ఆగస్టు నాటికి ఏం మిగులుతుంది? అలసిపోయిన జట్టూ, ఆడటం ఇష్టంలేని జట్టూ స్టాండ్స్‌లోంచి చూసేవాడికి ఒకేలా కనిపిస్తాయి. ఇద్దరూ బంతికి అరక్షణం ఆలస్యంగానే చేరతారు. అయితే ఇన్ని గాయాలు ఒక్క క్లబ్‌కే ఎందుకు, ట్రైనింగ్‌లో తేడా ఏమైనా ఉందా అని అడగడం మాత్రం న్యాయమైన ప్రశ్న. "సోమరులు" అని తిట్టేబదులు అభిమానులు ఆ ప్రశ్న గట్టిగా అడిగితే బాగుంటుంది.

ఇక జాక్ మెరెట్. ఈ గొడవలన్నీ వచ్చి అతని దగ్గర ఢీకొంటాయి. 2013లో, క్లబ్ పరువు పోయిన ఏడాదే, డ్రాఫ్ట్‌లో 26వ ఎంపికగా వచ్చాడు. దశాబ్దం పైగా జట్టుని మోశాడు, క్లబ్ ఉత్తమ ఆటగాడి పతకం ఎన్నోసార్లు తీసుకున్నాడు, 2023 నుంచి 2025 దాకా కెప్టెన్. 2025 సీజన్ నడుస్తుండగానే హాథార్న్ కోచ్ శామ్ మిచెల్‌ని కలిసిన విషయం బయటపడి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది, సీజన్ అయ్యాక నన్ను హాథార్న్‌కి పంపించండి అని అడిగేశాడు. కాంట్రాక్టు 2027 దాకా ఉంది. కొత్త ప్రెసిడెంట్ ఆండ్రూ వెల్ష్, ఒకప్పటి ఆటగాడు, తగిన వెల వస్తే తప్ప వదలమన్నాడు. అక్టోబరులో క్లబ్బులు ఆటగాళ్లని మార్చుకునే ట్రేడ్ గడువు ముగిసేదాకా బేరం తెగలేదు. మెరెట్ ఇష్టం ఉన్నా లేకపోయినా ఉండిపోయాడు.

అభిమానులు రెండుగా చీలిపోయారు. కెప్టెన్ అయ్యుండి ఓడ మునుగుతుంటే దూకాలనుకున్నాడు, ద్రోహి అని ఒకరు. పన్నెండేళ్లు ఉన్నాడు, ఒక్క ఫైనల్ గెలుపు కూడా ఇవ్వలేకపోయాం, ఏ ముఖంతో ఆపుతాం అని ఇంకొకరు. నేను రెండోవాళ్ల వైపే. డానిహర్ పోయాడు, సాద్ పోయాడు, 2025 చివర్లో శామ్ డ్రేపర్ కూడా బ్రిస్బేన్‌కే పోయాడు. ఇంతమంది వెళ్లిపోతుంటే తప్పు వెళ్లినవాళ్ల స్వభావంలో వెతకడం నాకు సరిగ్గా అనిపించదు. కానీ మెరెట్‌ని చవగ్గా ఇచ్చేయకుండా క్లబ్ పట్టుబట్టడం కూడా నాకు నచ్చింది, ఎందుకంటే చాలా ఏళ్ల తర్వాత బోర్డు ఒక మాటనుకుని గడువు దాటేదాకా దాని మీద నిలబడింది. 2024 చివర్లో మెల్‌బోర్న్ క్లబ్ నుంచి తర్వాతి ఏడాది మొదటి రౌండ్ ఎంపిక తీసుకోవడం, స్ట్రింగర్‌ని వదిలేయడం, కుర్రాళ్లని ఆడించడం చూస్తే, కింద నుంచి కట్టుకుందాం అన్న ఒప్పుకోలు కాస్త కనిపిస్తోంది. ఆ ఒప్పుకోలు వరసగా నాలుగు భారీ ఓటముల తర్వాత కూడా ఉంటుందా, లేక సభ్యులు అరవగానే మళ్లీ ఇంకో క్లార్క్‌సన్ కోసం ఫోన్ తీస్తారా అన్నదాని మీద నాకు అనుమానమే. అరిచేవాళ్లలో అభిమానులు కూడా భాగమే కదా, బోర్డుకి ఓటేసేది వాళ్లే, ఓపిక పట్టండి అన్న కోచ్‌ని రెండో ఏడాదికే వద్దనేదీ వాళ్లే.

ఈలోగా లీగ్ కొత్త మెలిక పెట్టింది. 2026 నుంచి ఏడు నుంచి పది స్థానాల జట్లకి వైల్డ్‌కార్డ్ మ్యాచ్‌లు, అంటే పదో స్థానంలో ఉన్నా సెప్టెంబరులో జరిగే ఫైనల్స్ ఆశ ఉంటుంది. పదకొండో స్థానాన్ని సొంతిల్లు చేసుకున్న క్లబ్‌కి ఒక్క మెట్టు ఎక్కితే చాలు. మధ్యలో ఇరుక్కోవడమే రోగం అయిన జట్టుకి మధ్యలో ఉన్నందుకు బహుమతి ఇవ్వడం మంచిదేనా అంటే, నాకు భయమే. అదీగాక ఎసెండన్ రేపెప్పుడైనా ఆ వైల్డ్‌కార్డ్ మ్యాచ్ గెలిచిందనుకోండి, 2004 లెక్క తెగినట్టా కాదా? ఆ ఒక్కదాని మీదే ఇంకో పదేళ్లు కొట్టుకుంటారు వీళ్లు.